మార్కులు వేసే మనసు: ఒక జెన్ సాధన కేస్ స్టడీ

రోజూ తప్పకుండా ధ్యానం చేసే ఒకావిడకు చివరికి ఆ ధ్యానమే బెంగ అయి కూర్చుంది. ఈ కేసు ఆవిడది. కౌన్సెలింగ్‌లో జెన్ (ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధ శాఖ) సాధనను కూడా వాడే నాలాంటి వాళ్ల దగ్గరికి ఇలాంటి వాళ్లు ఈమధ్య తరచుగానే వస్తున్నారు. "మెడిటేషన్ చేస్తూనే ఉన్నానండీ, అయినా టెన్షన్ తగ్గట్లేదు" అంటారు. ఏ పద్ధతి, ఎంతసేపు అని అడిగితే చక్కగా చెబుతారు. కూర్చుని లేచిన మరుక్షణం ఏం చేస్తారని అడిగితే గానీ అసలు విషయం బయటికి రాదు.

క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు నలభైకి దగ్గర. భర్త, ఒక పాప. కస్టమర్ సపోర్ట్ సంస్థలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం. ఏజెంట్లు కస్టమర్లతో మాట్లాడిన కాల్స్ రికార్డింగులు విని మార్కులు వేయడమే ఆవిడ పని. పలకరింపు బాగుందా, మధ్యలో అడ్డు తగిలారా, సానుభూతి చూపించారా, పెట్టేసే ముందు "ఇంకేమైనా సాయం కావాలా" అని అడిగారా, ఇలా ఒక్కోదానికి ఇన్ని మార్కులని ఫారం ఉంటుంది. ఏళ్ల తరబడి అదే పని. ఆఫీసులో మంచి పేరుంది.

రాత్రి పక్కమీద వాలగానే పగలంతా తాను మాట్లాడిన మాటలు మళ్లీ వినిపిస్తాయని చెప్పారు. "నా కాల్స్‌కి నేనే మార్కులు వేసుకుంటున్నట్టు ఉంటుందండీ" అన్నారు. పాప స్కూలు నుంచి వచ్చి ఏదో చెబుతుంటే జవాబిస్తూనే ఉంటారు, ఆ జవాబులో సానుభూతి ఎంత పలికిందో లోపల లెక్క పడిపోతూ ఉంటుంది. భర్తతో చిన్న మాటపట్టింపు వస్తే, ఆయన హాయిగా నిద్రపోయాక కూడా ఈవిడ ఆ సంభాషణను మొదటినుంచీ తిరగేస్తూ ఉంటారు. నా దగ్గరి ఫారంలో, వచ్చిన కారణం అన్నచోట మాత్రం "కోపం కంట్రోల్ చేసుకోవడానికి" అని రాశారు.

ధ్యానం చాలాకాలంగా చేస్తున్నారు. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజూ 20 నిమిషాలు. మధ్యలో ఒక్క రోజూ మానకుండా ఎన్నాళ్లు చేశారో యాప్ చూపిస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో వాచీ చూపిస్తుంది. వీటికి తోడు ఒక నోటుపుస్తకం. కూర్చుని లేచిన ప్రతిసారీ పదికి ఎన్ని మార్కులో అందులో రాసుకునేవారు. ఏడు, ఎనిమిది, ఆరున్నర. అరమార్కులు కూడా! ఒకసారి జ్వరం వచ్చి కూర్చోలేకపోయారు, యాప్‌లో స్ట్రీక్ సున్నాకి పడిపోయింది. ఆ సున్నా చూసి ఏడ్చేశారట. నాకు ఫోన్ చేసింది ఆ మర్నాడే.

ముందు తేల్చుకోవాల్సినవి

జెన్ అనగానే మనిషిని గోడ ముందు కూర్చోబెట్టేయడం నాకు ఇష్టం ఉండదు. మౌనంగా కూర్చోవడం అందరికీ మేలు చేయదు. ప్రమాదమో హింసో, పాత దెబ్బ ఏదైనా మనసులో మానకుండా ఉన్నవాళ్లకు నిశ్శబ్దంలో అదే పైకి తేలుతుంది. తీవ్రమైన డిప్రెషన్, చనిపోవాలన్న ఆలోచనలు, నిద్ర అవసరమే లేదనిపించేంత ఉత్సాహం ఉన్నట్టుండి ఎగదన్నే రోజులు, వీటిలో ఏది ఉన్నా ముందు సైకియాట్రిస్టును కలవాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆవిడ "మాటలు మళ్లీ వినిపిస్తాయి" అన్నప్పుడు అక్కడే ఆగి అడిగాను. ఎవరి గొంతు? బయటినుంచి వస్తున్నట్టా, లోపలినుంచా? తన గొంతేనని, అది జ్ఞాపకమేనని ఆవిడకు స్పష్టంగా తెలుసు. సరే, ముందుకు పోవచ్చు. నిద్ర సంగతి ఒకసారి డాక్టర్‌కు చూపించుకుని థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించుకోమన్నాను. రెండూ మామూలుగానే ఉన్నాయి. సాయంత్రం కాఫీ మాన్పించాను. దానివల్ల కొంత తేడా కనిపించింది కూడా. సాధన ఖాతాలో వేయకూడని మార్పు అది, అందుకే చెబుతున్నాను.

కోపమా, మరొకటా?

బౌద్ధంలో మనసును కమ్మేసే అడ్డంకులను ఐదు నీవరణాలుగా చెబుతారు: కామచ్ఛందం, వ్యాపాదం, స్త్యానమిద్ధం, ఔద్ధత్య-కౌకృత్యం, విచికిత్స. కోరిక, ద్వేషం, మాంద్యం, చంచలత్వంతో కలిసిన పశ్చాత్తాపం, సందేహం. బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన సంయుత్త నికాయంలో సంగారవుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు: ఎంతోకాలం వల్లె వేసిన మంత్రాలు కూడా ఒక్కోసారి ఎందుకు గుర్తుకు రావు? జవాబుగా బుద్ధుడు నీళ్ల పాత్రను చూపిస్తాడు. రంగు కలిసిన నీళ్లు, సలసల కాగే నీళ్లు, నాచు కమ్మిన నీళ్లు, గాలికి అలలు రేగుతున్న నీళ్లు, బురద కలిపి చీకట్లో పెట్టిన నీళ్లు. ఈ ఐదింటిలో దేనిలోనూ మన ముఖం మనకు కనిపించదు. కనిపించకపోవడం అన్నింటిలోనూ ఒకటే, కారణం మాత్రం దేనికది వేరు. కేసు చూసేటప్పుడు నాకు బాగా పనికొచ్చే పట్టిక ఇది. ఏ నీళ్లో తెలియకుండా మందు వేస్తే లాభం లేదు.

ఇటీవల కోపం వచ్చిన సందర్భాలు కొన్ని వివరంగా చెప్పమన్నాను. చెబుతుంటే ఒక విషయం తేలింది. ఏ సందర్భంలోనూ కోపం కొన్ని నిమిషాలకు మించి నిలవలేదు. ఎవరికీ కీడు జరగాలని ఆవిడ కోరుకోలేదు. పాపను ఒక మాట గట్టిగా అన్నారు, పాప పది నిమిషాల్లో మరిచిపోయి ఆటలో పడింది. తల్లి మాత్రం మూడు రాత్రులు ఆ మాటను నమిలారు. అంటే కాగే నీళ్ల కంటే గాలికి రేగే నీళ్ల పోలికే ఇక్కడ ఎక్కువ. వ్యాపాదం కంటే కౌకృత్యం పాలు ఎక్కువ.

ఈ తేడా ఎందుకంటే, ద్వేషానికి సంప్రదాయంలో చెప్పే విరుగుడు మైత్రీ భావన, అంటే అందరి మేలూ కోరుతూ చేసే ధ్యానం. ఆవిడ యాప్‌లో అదీ చేస్తున్నారు. చేసి, తనలో ప్రేమ ఎంత పుట్టిందో దానికీ మార్కులు వేసుకుంటున్నారు. తక్కువ పుడితే మళ్లీ పశ్చాత్తాపం.

ఇంకో పొర కూడా ఉంది. "నేను మేలు" అనుకోవడం, "నేను సమానం" అనుకోవడం, "నేను తక్కువ" అనుకోవడం, ఈ మూడింటినీ బౌద్ధం మానం అనే ఒకే ఖాతాలో వేస్తుంది. తనను తాను తక్కువ చేసుకోవడం వినయమని మనం పొరబడతాం గానీ, అక్కడా కొలబద్ద తిరుగుతూనే ఉంటుంది. పైగా ఈ మానం పది సంయోజనాల్లో, అంటే మనసును కట్టేసే బంధాల్లో, చివరిదాకా మిగిలేవాటిలో ఒకటి, పూర్తి విముక్తి పొందిన అర్హతుడికి తప్ప పూర్తిగా తెగదని చెబుతారు. ఈ మాట ఆవిడకు చెప్పినప్పుడు నిరుత్సాహపడతారేమో అనుకున్నాను. భుజాలు దిగాయి. "అయితే ఇది పూర్తిగా పోకపోయినా ఫర్వాలేదా అండీ?" అని అడిగారు. ఫర్వాలేదు. మనం పెట్టుకున్న లక్ష్యం చిన్నది: లోపల మార్కులు పడుతూ ఉండనీ, వాటి వెనక పరుగెత్తడం తగ్గాలి.

తీసేయడంతో మొదలు

మొదట చేయించినవన్నీ మానుకోవడాలే. యాప్ తీసేయాలి. కూర్చునేటప్పుడు వాచీ పక్కగదిలో ఉండాలి. నోటుపుస్తకం మూసేయాలి. 20 నిమిషాలను 10కి తగ్గించాలి. ఈ చివరిదానికి ఆవిడ చాలాసేపు ఒప్పుకోలేదు. తగ్గించడమంటే ఓడిపోవడమేగా అన్నారు.

మామూలుగా జెన్‌లో కొత్తవాళ్లకు ఊపిరి లెక్కపెట్టడం నేర్పుతారు. ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రావాలి, మధ్యలో తప్పితే కూడా ఒకటికే రావాలి. మంచి పద్ధతి. ఈవిడకు మాత్రం అది పెట్టలేదు. అంకె కనబడితే చాలు, ఈవిడ మనసు దాన్ని స్కోరు చేసేస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు వదులుతున్నానని తెలిస్తే చాలు, పీల్చుకోవడాన్ని దాని మానాన వదిలేయండి అని చెప్పాను.

కుర్చీ ముందు సగంలో వెన్ను నిటారుగా, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. కళ్లు సగం తెరిచి, చూపు ముందున్న నేలమీదికి దించాలి. కుడి అరచేతిపై ఎడమ అరచేయి పెట్టి, రెండు బొటనవేళ్ల కొసలు తాకీ తాకనట్టు కలపాలి. ఇది జాజెన్‌లో, అంటే జెన్‌లో కూర్చుని చేసే ధ్యానంలో, పాతకాలం నుంచీ వస్తున్న భంగిమ. నాకు అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చేది ఈ బొటనవేళ్లే. మనిషి కునుకు తీస్తే అవి లోయలా కిందికి జారతాయి. బలవంతంగా పట్టుబడితే కొండలా పైకి లేస్తాయి. ఆవిడ మొదటిరోజు నా ఎదురుగా కూర్చున్నప్పుడు ముఖం ఎంతో ప్రశాంతంగా ఉంది, బొటనవేళ్లు మాత్రం ఒకదాన్నొకటి ఎంతగా నొక్కుకుంటున్నాయంటే గోళ్లు తెల్లబడిపోయాయి. నేనేమీ అనలేదు. అంటే దానికీ మార్కులు పోతాయని ఆవిడకు మరో భయం మొదలవుతుంది.

డోగెన్ అనే జపాన్ గురువు 1227లో చైనా నుంచి తిరిగొచ్చాక జాజెన్ ఎలా చేయాలో అందరికోసం ఒక చిన్న గ్రంథం రాశాడు. మంచీ చెడూ తలచకు, ఒప్పూ తప్పూ తూచకు, బుద్ధుడివి కావాలనే ఆలోచన కూడా పెట్టుకోకు అని అందులో ఉంటుంది. ఇది విని ఆవిడ ఒక న్యాయమైన ప్రశ్న వేశారు. "ఏమీ కాకపోతే ఎందుకు కూర్చోవాలి?"

ఈ ప్రశ్న మా వృత్తికే ఇబ్బందికరం. బాధ తగ్గించమని వచ్చిన మనిషికి, ఫలితం ఆశించకుండా కూర్చోమని చెప్పడం ఎంతవరకు సబబు? 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్యకేంద్రంలో జాన్ కబాట్-జిన్ రోగుల కోసం ధ్యాన కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు కూడా, తీర్పు చెప్పకుండా గమనించడమే ప్రధానమని చెప్పాడు. రోగులేమో నొప్పి తగ్గాలనే వచ్చారు. ఈ మెలిక అప్పటినుంచీ ఉన్నదే. ధ్యానం ఫోన్ తెరమీదికి వచ్చాక మెలిక కాస్తా పీటముడి అయింది. తీర్పు చెప్పొద్దని నేర్పే గొంతు వెనకే బ్యాడ్జీలు, స్ట్రీకులు, గ్రాఫులు! నా అభిప్రాయం కటువుగా ఉంటే ఉండనీయండి గానీ, ఈవిడలాంటి మనస్తత్వానికి అంతకంటే చెడ్డ ఏర్పాటు మరొకటి ఉండదు.

జవాబుగా ఆవిడకు పాత కథ ఒకటి చెప్పాను. లియాంగ్ రాజ్యాన్ని ఏలిన వూ చక్రవర్తి ఎన్నో ఆలయాలు కట్టించాడు, గ్రంథాలు రాయించాడు, భిక్షువులను పోషించాడు. చైనాలో జెన్‌కు ఆదిగురువుగా చెప్పే బోధిధర్ముడు వచ్చినప్పుడు, "దీనివల్ల నాకెంత పుణ్యం వచ్చింది?" అని అడిగాడు. "ఏమీ లేదు" అన్నాడు బోధిధర్ముడు. ఆవిడ గట్టిగా నవ్వేశారు. "అయ్యో పాపం! ఆయన స్ట్రీక్ కూడా సున్నా చేసేశారన్నమాట." మా సెషన్లలో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదు గానీ, మర్నాటినుంచి 10 నిమిషాలే కూర్చున్నారు.

తలలో వేడి

మొదటి రెండు వారాలు బాధ పెరిగింది. యాప్ గొంతు లేని నిశ్శబ్దంలో సొంత గొంతు ఇంకా పెద్దగా వినిపించింది. ఇది ఊహించిందే, ముందే చెప్పి ఉంచాను కూడా. మూడో వారంలో వచ్చింది మాత్రం వేరు. కూర్చున్న కాసేపటికే నుదురు, మాడు వేడెక్కడం, ఛాతీ బిగుసుకోవడం, పాదాలు చల్లబడటం. లేచాక కూడా ఆ బిగువు చాలాసేపు ఉండేది. గుండెకు సంబంధించింది కాదని డాక్టర్ చూసి చెప్పాకే ముందుకు వెళ్లాం.

జెన్ చరిత్రలో దీనికి పేరే ఉంది, జెన్ జబ్బు అంటారు. జపాన్‌లో రింజాయ్ అనే జెన్ సంప్రదాయాన్ని నిలబెట్టిన హకుయిన్ (1686–1769) యవ్వనంలో తీవ్రంగా సాధన చేసి ఈ జబ్బు పడ్డాడు. తల మండిపోవడం, కాళ్లు మంచునీళ్లలో పెట్టినట్టు చల్లబడటం, చెవుల్లో హోరు, అకారణంగా భయం, ఇవన్నీ ఆయనే వర్ణించాడు. క్యోటో దగ్గరి కొండల్లో ఉండే హకుయూ అనే ముని తనకు విరుగుడు చెప్పాడని 1757లో వచ్చిన పుస్తకంలో రాశాడు. గుడ్డంత వెన్నముద్ద నడినెత్తిన ఉన్నట్టు ఊహించుకోవాలి. అది ఒంటి వేడికి కరిగి భుజాలు, ఛాతీ, పొట్ట, తొడల మీదుగా అరికాళ్లదాకా జారుతున్నట్టు నిదానంగా అనుభవించాలి. ఆ ముని కథ ఎంత నిజమో అన్న చర్చ మనకక్కర్లేదు. పద్ధతి మాత్రం పనిచేసే పద్ధతి. తలలో గుమిగూడిన శ్రద్ధను ఒంట్లోకి దింపుతుంది.

కూర్చోవడం పూర్తిగా ఆపించాను. బదులుగా రాత్రి పడుకుని ఈ వెన్న భావన, పొద్దున నిదానంగా నడక. కిన్‌హిన్ అనే ఈ నడకను జెన్ మందిరాల్లో రెండు జాజెన్‌ల మధ్య చేస్తారు. ఒక ఊపిరికి అర అడుగు వేసి, అరికాలు నేలకు తగలడాన్ని గమనిస్తూ నడవాలి. "వెన్న సరిగ్గా కరిగిందో లేదో తెలియట్లేదండీ" అని ఆవిడ ఫోన్ చేశారు. కరగకపోయినా నిద్రపోవచ్చని చెప్పాను. వారం దాటాక వేడి తగ్గింది. మళ్లీ కుర్చీలో కూర్చున్నప్పుడు శ్రద్ధను ముక్కు దగ్గర కాకుండా బొడ్డు కింద పెట్టమన్నాను. ఆ తర్వాత ఈ ఇబ్బంది తిరిగి రాలేదు.

హెడ్‌సెట్

ఈ కేసు మలుపు తిరిగింది ఇక్కడేనని నా నమ్మకం. కూర్చుని చేసింది దీనికి పునాది వేసి ఉండొచ్చు.

జెన్ మందిరంలో జాజెన్ ముగిశాక వెంటనే లేచి వెళ్లిపోరు. కూర్చున్న గుండ్రటి దిండు అణిగిపోయి ఉంటుంది, దాన్ని చేతులతో తిప్పుతూ మళ్లీ గుండ్రంగా సర్ది, నమస్కరించి కదులుతారు. చేసిన పనికి అక్కడితో ముగింపు. ఆవిడ పనిలో ముగింపనేదే లేదు. ఒక రికార్డింగ్ అయిపోతుండగానే వేలు 'నెక్స్ట్' బటన్ మీద ఉంటుంది. ఫారంలో మార్కులు వేస్తుంటే తర్వాతి కాల్‌లో పలకరింపు చెవిలో మొదలైపోతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏదీ పూర్తవదు. పూర్తవని కాల్స్ అన్నీ రాత్రి వెనక్కి వస్తున్నట్టుంది.

అందుకని ఇలా అనుకున్నాం. రికార్డింగ్ అయిపోయాక హెడ్‌సెట్‌ను రెండు చేతులతో తీయాలి. చప్పుడు కాకుండా టేబుల్ మీద పెట్టాలి. ఒక్క ఊపిరి పూర్తిగా వదలాలి. అప్పుడు ఫారం నింపాలి. నింపాక మళ్లీ రెండు చేతులతో పెట్టుకోవాలి. రెండు చేతులూ ఎందుకని అడిగారు. ఒక చేత్తో తీస్తే రెండో చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంటుంది, అంతే. సంఘం వస్తువులను సొంత కళ్లంత జాగ్రత్తగా చూసుకోవాలనే పాత మాటను డోగెన్ తన వంటశాల సూచనల్లో గుర్తుచేస్తాడు. ఆయన చెప్పింది మఠం వంటవాడికి. ఆఫీసు హెడ్‌సెట్‌కూ వర్తిస్తుందనే నా ఉద్దేశం.

గంటకు ఇన్ని కాల్స్ అని టార్గెట్ ఉంది కాబట్టి ప్రతి కాల్‌కీ ఇది కుదరదన్నారు. నిజమే. పొద్దున మొదటి కొన్నిటికి, మధ్యాహ్నం తిరిగి కూర్చున్నాక ఒకటి రెండింటికి చాలన్నాను. మొదట్లో పక్క సీటు అమ్మాయి చూసి నవ్విందట.

కొన్నాళ్లకు ఆవిడ ఒక సంగతి చెప్పారు. బాగా అరిచిన కస్టమర్ కాల్ ఒకటి విన్నారు. హెడ్‌సెట్ తీసి టేబుల్ మీద పెట్టారు. చెవుల చుట్టూ చెమట చల్లగా తగిలింది. ఊపిరి వదిలాక ఆ కాల్‌లో ఏజెంట్ గొంతు వణికిందన్న విషయం గుర్తొచ్చింది. అన్నేళ్లలో ఎన్నో గొంతులు వణికి ఉంటాయి, ఫారంలో దానికి గడి లేదు కాబట్టి ఎప్పుడూ వినలేదన్నారు. మార్కులు నిబంధన ప్రకారమే వేశారు. వేసి, ఆ ఏజెంట్ దగ్గరికి వెళ్లి కాసేపు మాట్లాడారు.

చైనాలో జావోజౌ అనే జెన్ గురువు దగ్గరికి ఒక కొత్త భిక్షువు వచ్చి, "నేను ఇప్పుడే మఠంలో చేరాను, ఉపదేశించండి" అంటాడు. "గంజి తాగావా?" "తాగాను." "అయితే గిన్నె కడుక్కో." 1228లో కూర్చిన 48 కోఆన్‌ల (సాధకుడు మననం చేయాల్సిన చిన్న జెన్ కథల) సంపుటిలో ఇది ఏడోది. దీన్ని ఆవిడకు చెప్పలేదు. తనంతట తాను చేస్తున్నదానికి పైనుంచి కథ తగిలించడం ఎందుకనిపించింది.

ఇంట్లో మౌనం

ఒకరోజు భర్త కూడా కలిసి వచ్చారు. "అరవడం తగ్గిందండీ, సంతోషమే. కానీ మాట్లాడటం కూడా తగ్గించేసింది. ఏమన్నా 'సరే' అంటుంది" అన్నారు. ఆవిడ ఆశ్చర్యపోయారు. తాను చాలా నిబ్బరంగా ఉంటున్నానని అనుకుంటున్నారు.

జెన్ సాధకుల ఇళ్లలో ఇది తరచుగా వినే ఫిర్యాదే. చల్లగా ఉండటాన్ని జ్ఞానమనుకుంటాం. చైనాలో ఒక పాత కథ ఉంది. ఒక ముసలావిడ ఒక భిక్షువును ఇరవై ఏళ్లు పోషించింది. చివరికి పరీక్షించాలని ఒక అమ్మాయిని పంపి కౌగిలించుకోమంది. "చలికాలంలో చల్లటి బండమీద ఎండిన చెట్టులా ఉన్నాను, వెచ్చదనం ఎక్కడా లేదు" అన్నాడు భిక్షువు. అది విని ముసలావిడ, ఇలాంటివాణ్ణా ఇన్నాళ్లూ పోషించింది అని అతన్ని వెళ్లగొట్టి కుటీరానికి నిప్పు పెట్టింది. ఈ కథ చెప్పాక భార్యాభర్తలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను ఏమీ వివరించలేదు.

వాళ్లకు ఇచ్చిన పని చిన్నదే. పాప మాట్లాడుతున్నప్పుడు లోపల మార్కులు పడటం మొదలైతే దాన్ని ఆపడానికి ప్రయత్నించొద్దు. పాప చెప్పినదాంట్లోంచే ఒక ప్రశ్న అడగాలి. ఊపిరి చూసుకోవడం అక్కర్లేదు, ఆ సమయానికి పాపే ఊపిరి.

రాత్రిళ్లు

పడుకున్నాక తిరిగే ఆలోచనలకు బుద్ధుడి ఉపదేశాల మరో సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని వితక్కసంఠాన సుత్తం (సుత్తమంటే ఉపదేశం) ఆధారంగా పనిచేశాం. ఆలోచనలు వదలనప్పుడు ఏం చేయాలో ఐదు మెట్లుగా ఇందులో ఉంటుంది. మరో మంచి ఆలోచన తెచ్చుకోవడం, దీనివల్ల వచ్చే నష్టం తలచడం, పట్టించుకోకపోవడం, ఆలోచన వెనకున్న వేగాన్ని తగ్గించడం, చివరికి పళ్లు బిగించి అణచడం. ఈవిడ ఎప్పుడూ ఐదోదానితోనే మొదలుపెడుతున్నారు! అది ఆఖరి మార్గమని సుత్తమే చెబుతోంది.

మాకు పనికొచ్చింది నాలుగోది. అక్కడి ఉదాహరణలో ఒకడు వేగంగా నడుస్తుంటాడు. ఎందుకింత వేగం, మెల్లగా నడవొచ్చుగా అనుకుంటాడు. మెల్లగా నడుస్తూ, నడవడం ఎందుకు, నిలబడొచ్చుగా అనుకుంటాడు. తర్వాత కూర్చుంటాడు, తర్వాత పడుకుంటాడు. ఆలోచన ఏమిటన్నది వదిలేసి దాని నడక వేగాన్ని మాత్రమే చూడమన్నాను. ఇప్పుడు పరుగెడుతోందా, నడుస్తోందా? పరుగెడుతుంటే నడిస్తే చాలు. నిద్ర పట్టాలని అనుకోనక్కర్లేదు. ఒక్కో మెట్టు దిగడం ఆవిడకు సులువుగా అబ్బింది. బహుశా ఇందులో పాస్, ఫెయిల్ లేకపోవడం వల్ల కావచ్చు.

ఈ ఉద్యోగమే తప్పా?

సాధన కుదురుకున్నాక ఈ ప్రశ్న వచ్చింది. బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ ఆజీవం, అంటే సరైన జీవనోపాధి, ఉంది కదా, మనుషులకు మార్కులు వేసి బతకడం అందులోకి వస్తుందా? బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, మనుషులు, మాంసం, మత్తుపదార్థాలు, విషం. కాల్ క్వాలిటీ అందులో లేదని చెబితే నవ్వారు గానీ ప్రశ్న పోలేదు.

అభయ రాజకుమారుడికి బుద్ధుడు చెప్పిన మాట ఇక్కడ నిజంగా ఉపయోగపడింది. ఎదుటివాడికి నచ్చని మాట మీరు అంటారా అని రాజకుమారుడు అడుగుతాడు. ఆయన ఒళ్లో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ నోట్లో పుల్లో రాయో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు తిరిగి అడుగుతాడు. రక్తం వచ్చినా సరే తీసేస్తాను, బిడ్డమీద దయతోనే అంటాడు అభయుడు. అలాగే, మాట నిజమై, మేలు చేసేదైతే నచ్చనిదైనా చెబుతాను, కాకపోతే సమయం చూసి చెబుతాను అంటాడు బుద్ధుడు. ఆవిడ దీన్ని ఫీడ్‌బ్యాక్ మీటింగుల్లో వాడటం మొదలుపెట్టారు. నిజమా, మేలు చేస్తుందా, ఇప్పుడేనా? మూడో ప్రశ్నే కష్టమన్నారు. షిఫ్ట్ చివర్లో అలసిపోయిన ఏజెంట్‌ను పిలిచి చెప్పే అలవాటు ఉండేది, దాన్ని మర్నాటి ఉదయానికి మార్చుకున్నారు.

ఇప్పుడు

నిద్ర మెరుగుపడింది, ముఖ్యంగా పడుకున్నాక నిద్ర పట్టడానికి పట్టే సమయం. తెల్లవారుజామున మెలకువ రావడం మాత్రం ఇంకా ఉంది. లోపల మార్కులు వేసే గొంతు పోలేదు. అది మొదలైందని ముందుకంటే త్వరగా తెలుస్తోందని చెబుతారు. మధ్యలో ఊరికి వెళ్లి కొన్నాళ్లు కూర్చోవడం మానేశారు. తిరిగొచ్చి ఆ సంగతి చెప్పేటప్పుడు సాకులు చెప్పలేదు, క్షమాపణ అడగలేదు. నా లెక్కలో, నిద్ర కంటే ఇదే పెద్ద మార్పు. బొటనవేళ్లు ఇప్పటికీ కొంచెం కొండలాగే ఉంటాయి. నోటుపుస్తకం పాపకు బొమ్మలు వేసుకోవడానికి ఇచ్చేశారు.

ఇది ఒక్క మనిషి కేసు. కాఫీ మానడం, భర్త సహకారం, నాతో మాట్లాడటం, ఇవన్నీ కలిసే పనిచేశాయి, దేని వాటా ఎంతో విడదీయలేను. ఇదే పద్ధతిని బద్ధకంతో, నిరాసక్తతతో వచ్చినవాళ్లకు పెడితే నష్టం. వాళ్లకు అంకెలు, వరస, కాస్త పట్టుదల అవసరమవుతాయి, యాప్ కూడా మేలే చేయొచ్చు. పాత గాయాలున్న వాళ్లకైతే గోడకు ఎదురుగా కూర్చోవడం కంటే కళ్లు పూర్తిగా తెరుచుకుని నడవడంతోనే మొదలుపెడతాను.

ఆఫీసులో గంటకు ఇన్ని కాల్స్ అనే టార్గెట్ అలాగే ఉంది. దానికి జాజెన్ మందు కాదని మొదట్లోనే ఇద్దరం ఒప్పుకున్నాం. రెండు కాల్స్ మధ్య కాస్త వ్యవధి ఇవ్వమని ఆవిడ, ఆవిడ టీమ్ కలిసి పైవాళ్లకు రాశారు. ఇంకా జవాబు రాలేదు.